పదహారు తూట్లు

మూడు రోజుల ముసురు తర్వాత ఆ పొద్దున ఆకాశం తెరిపిచ్చింది. మబ్బులు పూర్తిగా పోలేదు, తూర్పున ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. డాబా మీద మాత్రం ఎండ పడింది. ఆమె ఉలి, సుత్తి, సిమెంటు తట్ట పట్టుకుని మెట్లెక్కింది. నిన్న మొగుడు తన్నిన చోట నడుం మెట్టు మెట్టుకూ కలుక్కుమంటోంది.

సోలార్ పలకల కింద పదహారు ఇనప కాళ్లు. బిగించిన రోజునే ఆమె అంది. "స్లాబుకు తూట్లు పొడవనివ్వకండి. సిమెంటు దిమ్మెలు పోయించి వాటికి బిగిస్తే సరిపోతుంది." ఆమె మేస్త్రి కూతురు. పెళ్లికి ముందు తండ్రి వెంట ఎన్నో స్లాబులు తడిపింది. ఫిట్టరు నవ్వి, "అమ్మగారికి పని తెలుసు సార్. కాకపోతే రెండు రోజులు ఎక్కువ పడుతుంది" అన్నాడు. ఆ నవ్వుకే అందరి ముందూ ఆమె చెంప పేలింది. "మేస్త్రి కూతురివే గాని మేస్త్రివి కాదు. కిందికి పోయి టీ పెట్టు" అన్నాడు మొగుడు. చెవిలో హోరు తగ్గకముందే ఆమె టీ తెచ్చింది. ఫిట్టరు గ్లాసు అందుకున్నాడు, మొహం చూడలేదు.

మొదటి వానకే అత్తగారి మంచం మీద చుక్క పడింది. తప్పు బోల్టుది, దెబ్బలు ఆమెకు. "నీ పాడు నోటితో అన్నావు, అయింది!" అని జుట్టు పట్టి తల గోడకు కొట్టాడు. అత్తగారు తడిసిన దుప్పటి పిండుకుంటూ, "వాడికి కోపం ముక్కు మీదుంటుందని తెలుసుగా, ఎదురుగా నిలబడతావేమే?" అంది. ఫిట్టరు వచ్చి తడి మీదే తెల్ల జిగురు పూసి పోయాడు. ఈ ముసురుకు చుక్క కాస్తా ధార అయింది. "మళ్లీ ఒక్క చుక్క పడిందా, చంపి ఆ తూట్లోనే పూడ్చేస్తా" అన్నాడు మొగుడు, తన్నుతూ. కారడం ఆగితే కొట్టడం ఆగుతుందని ఆమె నమ్మింది.

అందుకే ఒక్కో నట్టూ విప్పింది. బోల్టు చుట్టూ ఉలితో గాడి కొట్టింది, పాత జిగురు పెకలించింది, దుమ్ము దులిపింది. తడి పూర్తిగా ఆరేదాకా ఆగి, గాడి నిండా కొత్త జిగురు కూరి, రబ్బరు బిళ్ల వేసి నట్టు బిగించింది. చుట్టూ నీరు నిలవకుండా సిమెంటుతో వాలు తీసింది. మర్నాడు వాననీళ్లు కిందికి పోయే గొట్టం మూతికి గుడ్డలు కుక్కి, డాబా అంతా రెండు వేళ్ల ఎత్తు నీళ్లు కట్టింది. తండ్రి అలాగే చూసేవాడు. ఒక రోజంతా నీళ్లు నిలిచినా కింద తడి కనిపించకపోతే పని గెలిచినట్టు.

మూడో రోజు మొగుడు స్టూలెక్కి పైకప్పు తడిమాడు. పొడిగా ఉంది. వేళ్లు రుద్దుకుని మళ్లీ తడిమాడు.

"కోడలి చేతిలో పనుందిరా. ఆ రోజే దాని మాట వినుంటే నా పరుపు తడిసేది కాదు" అంది అత్తగారు, మామూలుగానే.

అతను స్టూలు దిగాడు. "ఎవరికి చూపించాలనే ఇదంతా? నన్ను వెధవని చెయ్యడానికా?" చెంప మీద ఒకటి, వెంటనే ఇంకొకటి.

కారినప్పుడూ కొట్టాడు. కారనప్పుడూ కొడుతున్నాడు. కూర మాడిందని, చొక్కా నలిగిందని, స్లాబు కారిందని ఇన్నేళ్లూ అతని దెబ్బలకు కారణాలు తనే వెతికి పెట్టింది. వాటిని ఒక్కొక్కటే పూడ్చుకుంటూ వచ్చింది. పూడ్చడానికి ఇప్పుడింకేం మిగల్లేదు, అయినా చెయ్యి లేచింది. అతనికి కారణాలతో పనే లేదు.

ఎడమ చేత్తో ఆమె గొంతు నొక్కి తలుపుకు అదిమాడు. కుడి అరచేయి ఆమె తల పక్కన, తలుపు చట్రం మీద ఆనించుకున్నాడు. డాబా దిగి పక్క అరుగు మీద పెట్టిన తట్టలోంచి సుత్తి ఆమె చేతికి అందింది. ఉలి తల మీద కొట్టినట్టే, గురి చూసి, చట్రం మీది ఆ చేతి మీద ఒకే దెబ్బ. ఎముక విరిగిన చప్పుడు అత్తగారికీ వినిపించింది.

గొంతు మీది చెయ్యి జారిపోయింది. అతను కింద కూలబడి అరుస్తుంటే ఆమె ఊపిరి తీసుకుంది.

"ఇంకో చెయ్యి మిగిలింది మీకు," అంది. "అదీ లేపండి, చూస్తాను."

డాబా మీద జారిపడ్డానని డాక్టరుకు అతనే చెప్పుకున్నాడు. కట్టు కట్టించుకుని వచ్చేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ఆమె మూడు కంచాలూ ఒకేసారి పెట్టి, తనూ కూర్చుంది. అతను ఎడమ చేత్తో కలపబోయి, కుదరక తల్లి వైపు చూశాడు. తల్లి కంచంలోంచి తల ఎత్తలేదు.

ఆమె మారు వడ్డించుకుంది.