తెల్లబడని బట్ట

మూడోసారి జాడించినా బట్ట తెల్లబడలేదు. పెద్దక్క దాన్ని తొట్టిలోంచి పైకెత్తి వెలుతురుకేసి పట్టి చూసింది. ఎక్కడో లోపల్నించి సన్నటి నీలిఛాయ. నడుం పీకుతోంది. మధ్యాహ్నం దాటినా ఇంకా ఎంగిలిపడలేదు.

బట్టలు చలవ చేసి రంగులద్దే ఆ షెడ్డులో ఆమె చేరి ఇరవై రెండేళ్లు. అందరికంటే ముందొచ్చింది కాబట్టి అందరికీ పెద్దక్కే. పక్క తొట్టి దగ్గర ఆమె తోడికోడలు. ఇద్దరికీ మోచేతుల దాకా పుండ్లే.

మేస్త్రీ విసురుగా వచ్చాడు. "రోజుకి మూడొందలు తీసుకుంటూ నాలుగు గుడ్డలు తెల్లగా జాడించలేరా? సరుకు తిరిగొస్తే మీ కూలీలోనే కోస్తానన్నారు అయ్యగారు."

పెద్దక్క బోరు గొట్టం కింద గ్లాసు పెట్టి నీళ్లు పట్టింది. బట్ట తగలని నీళ్లు. వాటిలోనూ అదే నీలిఛాయ.

గ్లాసు పట్టుకుని ఆమె వెనకవైపు చూసింది. షెడ్డు వెనక మురుగునీటిని శుభ్రం చేసే యంత్రముంది. కరెంటు దండగని రెండేళ్ల కిందట ఆపేశారు. అప్పట్నించీ రోజూ సాయంత్రం తూము ఎత్తి రంగునీళ్లు కాలవలోకి వదిలేది తనే. ముందు కాలవ పక్కనున్న తమ వీధిలో బావులు పాడయ్యాయి. ఇప్పుడు తన కూలీలో రోజూ నలభై రూపాయలు తాగే నీళ్ల క్యానుకే పోతోంది. తర్వాత పుండ్లు తట్టుకోలేక పనితెలిసినవాళ్లు పదకొండు మంది మానేశారు. ఆ నీళ్లే నేలలోకి ఇంకి ఇంకి, చివరికి షెడ్డు బోరులోకే వచ్చాయి.

అంతలో యజమాని వచ్చాడు. ఆమె గ్లాసు చూపించింది. ఆయన దాన్ని వెలుతురుకేసి తిప్పి చూశాడు.

"ఇంకో బోరు వేయిస్తా. లోతుగా."

"ఎంత లోతుకి పోతారయ్యా? ఇవి మనం పారబోసినవే. ఆ యంత్రం తిప్పించండి. నీళ్లు బాగుంటే మా చేతులు బాగుంటాయి, వీధి బాగుంటుంది. మీ బట్టా తెల్లగా వస్తుంది."

"కరెంటు బిల్లు నీ మొగుడు కడతాడా?"

"ముందు మా బావగార్ని తాగే నీళ్లు కొనుక్కోనివ్వండయ్యా" అంది తోడికోడలు. ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గులోకి మార్చారు.

యజమాని మొహం గంటు పెట్టుకుని, బోరు వేసేవాడికి ఫోను కలుపుతూ గుమ్మం వైపు నడిచాడు.

సాయంత్రమైంది. తొట్లు నిండాయి. "తూము ఎత్తు" అన్నాడు మేస్త్రీ.

ఇంట్లో నాలుగు నోళ్లున్నాయి. తన ఒక్కదాని కూలీతోనే పొయ్యి వెలగాలి. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? పెద్దక్కకి పోట్లాడే ఓపిక లేదు, మళ్లీ ఆ నీళ్లు వదిలే మనసూ లేదు. ఎక్కడన్నా కాసేపు కూర్చుంటే చాలనిపించింది.

తూము పక్కనున్న రాయి మీద కూర్చుంది.

"నేను ఎత్తను."

"రేపట్నించి పనిలోకి రానక్కర్లేదు, తెలుసా?"

"తెలుసు."

"అయితే నువ్వెత్తు" అంటూ మేస్త్రీ తోడికోడలి వైపు తిరిగాడు. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ నేల చూపులు చూసింది. కదల్లేదు. గుమ్మంలో యజమాని ఇంకా ఫోనులో లోతు గురించే బేరమాడుతున్నాడు. తొట్టి అంచు మీంచి మొదటి ధార నేల మీదికి జారింది.

తొట్ల వరస చివర ఎవరో తమ తొట్టి కుళాయి కట్టేశారు.