తారుమారు

ఇంటర్ చదువుతున్న నీలిమ, తోటి విద్యార్థి దేవీప్రసాద్ కాలేజీ పోటీకి చిన్న కామెడీ సినిమా మొదలుపెట్టారు. కథలో తల్లీకూతుళ్లు ఒకరి శరీరంలోకి ఒకరు మారిపోతారు. తల్లి వేషానికి ఎవరూ దొరక్క నీలిమ తన తల్లి పైడితల్లినే ఒప్పించి, కూతురి వేషం తనే వేసింది.

సీతమ్మధారలో వాళ్ల ఇంట్లోనే షూటింగ్. తల్లిలా మారిన నీలిమ కంచం తెచ్చి తినమంది. కూతురిలా మారిన పైడితల్లి ఫోన్‌లోంచి తలెత్తలేదు.

"ఆకలి నేదు. ఇసిగించకు," అంటూ కంచాన్ని మోచేత్తో నెట్టేసింది. అలా నెట్టమని ఎవరూ చెప్పలేదు.

నీలిమ తన డైలాగు మరిచిపోయింది. "అమ్మా, నాను ఇలాగే అంతానేటి?"

"ఇంకా గట్టిగా అంతావు. పక్కింటోల్లకి ఇనిపిత్తాదని నానే తగ్గించీసినాను," అంది పైడితల్లి మామూలుగా.

కెమెరా పట్టుకున్న దేవీప్రసాద్ నవ్వాడు. నీలిమకు నవ్వు రాలేదు. మళ్లీ తీద్దామంది. ఈసారి రాసుకున్న ప్రకారం కోప్పడాల్సింది పోయి, పక్కన కూర్చుని ముద్ద కలిపి తల్లి నోటికి అందించింది. పైడితల్లి అది నమిలి, తాను కూతురినన్న సంగతి మరిచిపోయి, "కూరలో ఉప్పు మర్సిపోనానే," అంది.

దేవీప్రసాద్ ఆ ముక్కను తీసెయ్యలేదు. బహుమతి రాలేదు గానీ, పోటీలో హాలంతా అక్కడే నవ్వింది. తల్లి పక్కన కూర్చున్న నీలిమ కూడా నవ్వింది.