దాచిన మాత్రల సాక్ష్యం

శుక్రవారం ఉపవాసం అందరిదీ, ప్రార్థనయ్యాక భోజనాల వంట మాత్రం ఆడవాళ్లది. ఖాళీ కడుపుతో మందిరం వెనక పొయ్యి ముందు నిలబడి పప్పు ఎనుపుతుంటే, మా ఆయన ఆరోన్ వచ్చి చల్లగా చెప్పాడు: "తబితా, ఆదివారం సాక్ష్యం నువ్వే చెప్పాలంట. మన కెజియాకి ఫిట్స్ తగ్గిన సంగతి. ఏం చెప్పాలో నేను రాసిస్తాలే, నలుగుర్లో నీకు మాట రాదు."

నాకు మాట రాదు! ఇంట్లో నన్ను మాట్లాడనిచ్చిందెవరు? బిడ్డకి ఫిట్స్ మొదలవగానే, పుట్టి పెరిగిన లూథరన్ గుడి మానిపించి, రావులపాలెం రోడ్డులో కొత్తగా కట్టిన ఈ ప్రార్థనా మందిరానికి మమ్మల్ని లాక్కొచ్చింది ఈయనే. ఇక్కడి పాస్టరు అయ్యగారు పిల్ల నెత్తిన నూనె రాసి, మాత్ర మింగితే దేవుణ్ణి నమ్మనట్టేనన్నారు. ఈయన ఇంటికెళ్లి కాకినాడ డాక్టరిచ్చిన మాత్రలు కాలవలో పారేశాడు. ఆ వారమే బిడ్డ మళ్లీ పడిపోయింది. "తల్లికి విశ్వాసముంటే పిల్లకి ఈ గతేంటి?" అంది మా అత్త జ్ఞానమ్మ. నురగ తుడిచింది నేను, తడిసిన పక్కబట్టలు ఉతికింది నేను, తప్పూ నాదే. మళ్లీ మాత్రలు కొని బియ్యం డబ్బాలో దాచాను. అరటిపండులో పెట్టి మింగిస్తున్నాను. ఫిట్స్ ఆగాయి. పేరు నూనెకొచ్చింది.

నేను దేవుణ్ణి వదల్లేదు. ఒకరు చెప్పింది వినడం మాని, వాక్యం నా అంతట నేనే చదవడం మొదలుపెట్టాను. ప్రభువు ఎంతమందిని బాగుచేశాడో చూశాను. బిడ్డ కోసం ఏడుస్తూ వచ్చిన ఏ తల్లినీ మందు పారేసి రమ్మనలేదు. రోగికి వైద్యుడు కావాలన్నవాడు ఆయనే. మరి ఈ అయ్యగారు ఎవరి మాట చెబుతున్నట్టు? ఆ ప్రశ్న నన్ను నిద్రపోనివ్వడం లేదు. అయినా నోరు మెదపలేదు. నా బిడ్డ బాగుంది కదా, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

పక్కన ఉల్లిపాయలు తరుగుతున్న సూరమ్మ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "మీ కెజియాని చూశాకే నాకు ధైర్యం వచ్చిందక్కా. ఆదివారం నీ సాక్ష్యం అవ్వగానే మావోడి ఫిట్స్ మాత్రలు ఆపేత్తాను. అయ్యగారు నూనె రాత్తానన్నారు."

నా చెయ్యి ఆగిపోయింది. నేను దాచిన మాత్ర నా బిడ్డను నిలబెట్టింది, దాన్ని దాచడం సూరమ్మ కొడుకుని పడగొట్టబోతోంది. అప్పుడే చెప్పబోయాను. వెనకనుంచి అత్త, "పప్పు అడుగంటుతోంది, ఏంటా దిక్కులు చూడ్డం?" అని గదమాయించింది. మళ్లీ పప్పు వైపు తిరిగాను. ఆ తర్వాత ప్రార్థన సాగలేదు. మోకాళ్లేసిన ప్రతిసారీ సూరమ్మ కొడుకే కళ్లముందు.

ఆదివారం మైకు నా చేతికొచ్చింది. మగవాళ్ల వైపునుంచి ఆరోన్, కానివ్వమన్నట్టు తలూపాడు. ఆయన రాసిచ్చిన కాగితం విప్పలేదు.

"అందరికీ వందనాలండి. సూరమ్మా, నీ కొడుక్కి మాత్రలు ఆపకు. మా కెజియాకి నేను ఆపలేదు. ఈ పొద్దున కూడా వేశాను."

ఎవరో "స్తోత్రం" అనబోయి మధ్యలో ఆగిపోయారు. ఆరోన్ లేచి నిలబడ్డాడు. "తబితా, కూర్చో!" అయ్యగారు మైకు కోసం చెయ్యి చాపారు. ఇవ్వలేదు. "నీకు విశ్వాసం లేదమ్మా," అన్నారాయన.

"ప్రార్థన చేసే వేశానండి," అన్నాను.