కాటయ్య పేగు అతుకు

చివ్వెంల కాడ గొర్లు కాసే కాటయ్యకు పెద్దపేగు మొత్తం చెడిపోయింది. మిర్యాలగూడ దవాఖానల డాక్టరు ఉన్నదున్నట్టు చెప్పిండు: దాన్ని తీసెయ్యాలె, చిన్నపేగును తెచ్చి కింద అతకాలె. అతుకు చేత్తోనన్న కుట్టొచ్చు, మిషన్‌తో పిన్నులన్న కొట్టొచ్చు. రెండూ నిలుస్తయి. అతుకు కారిందంటే మాత్రం పానం మీదికొస్తది. పెండ్లాం సత్తెమ్మ చెవికి ఆ ఆఖరు మాటే ఎక్కింది. మొగడు దక్కుతడా లేదా, ఆమెకు గంతే కావాలె.

రెండు తీర్లున్నయని ఆ డాక్టరు చెప్పుడే తప్పయింది. మరిది జైరాంది సూర్యాపేటల టైలర్ షాపు. "చేతికుట్టు చేతికుట్టే వదినా. మిషన్‌ది ఒక్క పోగు తెగితే మొత్తం ఊడుతది" అన్నడు. అల్లుడు జితేందర్‌ది కోదాడల జిరాక్స్ సెంటర్. "కాగితం చిరగాలేగానీ కొట్టిన పిన్ను ఊడదండీ అత్తయ్యా" అన్నడు. చిరిగేది తన మొగని పేగని తలుచుకొని సత్తెమ్మ రెండు చెవులు మూసుకున్నది.

"మా అన్న కడుపు నీ జిరాక్సు కాగితమా" అని జైరాం నవ్విండు. ఇగ సూడు, అల్లుడు అలిగి పోయి బస్టాండుల కూసున్నడు. అల్లుడు అలిగితే ఆ ఇంట్ల పొయ్యి గూడ రాజెయ్యరు, ఇగ ఆపరేషన్ ఏం చేపిస్తరు? ఇక్కడ కాటయ్య కడుపు పట్టుకొని మూలుగుతుంటే, చుట్టాలంత అక్కడ అల్లునికి కూల్‌డ్రింకు తాపి బతిమిలాడవట్టిరి. "అల్లున్ని రానియ్యండ్రి సారూ" అని జైరామే డాక్టరును ఆపిండు. సిగ్గుండాలె.

సత్తెమ్మ ఓపిక ఖతమైంది. సీదా డాక్టరు కాడికి పోయి, "ఎట్ల నిలుస్తదో నీకే ఎరుక. నా మనిషిని నాకియ్యి" అని వేలిముద్ర ఏసింది.

ఆపరేషన్ అయింది. గ్యాసు పోతేనే పేగు పనిచేస్తున్నట్టని నర్సమ్మ చెప్పింది. సత్తెమ్మ మంచం పక్కకెంచి లేవలేదు, మొగని పిత్తు కోసం దేవుళ్లందరికీ మొక్కింది. ఇన్నేండ్లు దానికే ముక్కు మూసుకొని తిట్టిన మనిషి.

అల్లుడు అలక తీరి వచ్చినంక డాక్టరు చెప్పిండు, మిషన్‌తో అతికి, పైన చేత్తో కుట్లేసిన అని.

"మోసేది పిన్నులే కదండీ" అన్నడు అల్లుడు.

"కుట్లు లేకుంటే నీ పిన్నులేడ నిలుస్తయి" అన్నడు జైరాం.

అల్లుడు మల్ల చెప్పులేసుకున్నడు. చుట్టాలు బతిమిలాడనీకి మల్ల లేసిండ్రు.

అప్పుడు దుప్పటి కింద కాటయ్య సప్పుడు చేసిండు. ముందుగల్ల సన్నగ, తర్వాత జర గట్టిగ.

మరిది, అల్లుడు ఒక్కపారే ముక్కులు మూసుకున్నరు. సత్తెమ్మ రెండు చేతులెత్తి దండం పెట్టి బోరున ఏడ్సింది.