నాలుగడుగుల సజ్జా

గజపతినగరానికి ఐదు కిలోమీటర్ల అవతల, రోడ్డు వారనే చినబాబు ఇల్లు కట్టుకుంటున్నాడు. వానాకాలమంతా కారే పెంకుల కింద గిన్నెలు సర్ది సర్ది విసిగిపోయిన మనిషి కనక, ఈసారి ఏమైనా సరే స్లాబు ఇల్లే అన్నాడు. గదులెన్ని, గుమ్మాలెక్కడ, మెట్లు ఎటువైపు అన్నవన్నీ ఆయన ఇష్టానికి వదిలేసి, ఆయన భార్య ఈశ్వరి ఒక్కటే కోరింది. ఇంటి ముందు గోడ దాటి రోడ్డు వైపు నాలుగడుగులు సాగిన సజ్జా కావాలి. దాని కింద స్తంభం ఉండకూడదు.

ఆవిడ టిఫిన్ల బండి పెట్టుకునేది ఆ సజ్జా కిందే మరి. ఏడేళ్లుగా పొద్దున్నే టార్పాలిన్ కింద దిబ్బరొట్టెలు కాలుస్తోంది. గాలి వీస్తే టార్పాలిన్ పక్కవాళ్ల జీడితోటలో తేలేది. వాన పడితే పొయ్యీ ఆరిపోయేది, బేరమూ ఆరిపోయేది.

"స్తంభం ఉంటే తప్పేటి?" అన్నాడు చినబాబు.

"తినీవోలు బళ్లు ఎక్కడాపుతారు? స్తంభానికి తాడేసి కట్టీమంటావేటి, ఆవుల్లాగ?" అంది ఈశ్వరి. అక్కడితో ఆ సంగతి తేలిపోయింది.

వాళ్ల కూతురు భారతి పదో తరగతి పరీక్షలు రాసి ఇంటి దగ్గరే ఉంది. ఆ పిల్లకి బిడియం ఎక్కువ. బడిలో హాజరు పిలిస్తే ఆమె పలికింది పక్కనున్న పిల్లకి కూడా వినబడేది కాదు. ఆ పక్కపిల్లే లేచి "ఉందండీ మేస్టారూ" అని చెప్పేది. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్లు ఇచ్చి, గ్లాసు తిరిగి తీసుకోడానికి కూడా రాకుండా మాయమయ్యేది.

రోజూ పదకొండింటికి పనివాళ్లకి చోడి అంబలి పట్టుకెళ్లడం భారతి పని. తాపీమేస్త్రి జోగయ్యకి అంబలి కన్నా, వినే మనిషి దొరికినందుకు ఎక్కువ సంతోషం. ఆయన మాట్లాడటం మొదలుపెడితే పనివాళ్లంతా ఏదో ఒక పనుందని లేచిపోతారు. భారతి మాత్రం కదలదు.

"ఇలా సూడు గుంటా" అని రెండు ఇటుకలు తీసి ఒకదానికొకటి తగిలించేవాడు. ఖంగుమంటే బాగా కాలినట్టు. చప్పగా మోగినవాటిని పక్కన పడేసేవాడు. చంపావతి ఇసుక గుప్పిట పట్టి పిసికి వదిలేవాడు. అరచేతికి మట్టి అంటుకుందా, ఆ లోడు వచ్చిన దారినే వెనక్కి పోవాల్సిందే. గోడ కట్టేముందు ఇటుకల్ని తొట్టిలో నానబెట్టించేవాడు.

"ఎండిటికకి దాహం ఎక్కువే అమ్మీ. సిమెంటులో నీరంతా అదే తాగీస్తాది. ఇంక సిమెంటుకి పట్టెక్కడ్నుంచొస్తాది?"

భారతి తలూపేది. ఇంటికొచ్చి, బియ్యం నానబెడుతున్నా ఇటుకలే గుర్తొచ్చేవి.

సెంటరింగు చెక్కలు పరిచి, కింద ఆసరాగా సరుగుడు బాదులు నిలబెట్టి, ఇనప ఊసలు కడుతున్నప్పుడు ఆమెకో సందేహం వచ్చింది. గదుల మీద పెద్ద ఊసలు చెక్కలకి దగ్గరగా, అడుగున ఉన్నాయి. సజ్జాకొచ్చేసరికి పైకెక్కాయి. వంచిన చిన్న ఊసముక్కలు కుర్చీల్లా పెట్టి, వాటిమీద నిలబెట్టారు. ఎందుకలా? అడగడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు అంబలి గిన్నె కడుగుతూ, గిన్నెతో మాట్లాడుతున్నట్టు అడిగింది.

జోగయ్యకి పండగే అయింది. అంబలిలోకి తెచ్చుకున్న కీరాదోసకాయ తీసి రెండు ఇటుకల మీద వంతెనలా పెట్టాడు. నడిమధ్యన బొటనవేలితో నొక్కాడు. కాయ అడుగున పగిలింది.

"ఇది గది స్లాబు. రెండు గోడల నడుమ కుంగుతాది. కుంగితే అడుగు సాగుతాది. సాగినకాడ పగులు. అందుకే ఊస అడుగున."

ఇంకో కాయ తీసి సగం ఇటుక అంచు దాటించాడు. ఇవతలి కొసని పిడికిలితో అదిమిపట్టి, గాల్లో ఉన్న కొసని కిందికి వంచాడు. ఈసారి పైన పగిలింది.

"ఇది మీ అమ్మ సజ్జా. కాంక్రీటు నొక్కితే ఓర్సుకుంటాది గాని, లాగితే ఓర్సుకోదు. లాగుడంతా ఊసే పట్టాల. ఆ ఊస కిందికి దిగిపోనాదనుకో, బాదులున్నన్నాళ్లూ సజ్జా బాగే ఉంటాది. బాదులు తీసినాక మీ అమ్మ పెనం మీద పడతాది."

పగిలిన కాయలు రెండూ ఉప్పద్దుకుని తినేశాడు.

స్లాబు రోజు పొద్దున్నే పాతపట్నం నుంచి భారతి మేనత్త శైలజ, ఆవిడ భర్త మురళీమోహన్ దిగారు. మొదటి గమేళా కాంక్రీటు ఆడపడుచు చేత్తో పడాలన్నది ఆ ఇంటి ఆనవాయితీ. శైలజ పసుపు కుంకుమలు చల్లి, చిల్లర నాణేలు వేసి, వెనకగది మూలన గమేళా ఒంపింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మురళీమోహన్ ఫోను పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తాడు.

"బామ్మర్దీ, అందరూ ముందుకి రండి! కొసకంటా రండి! ఇల్లంతా పడాల!"

శైలజ, చినబాబు, ఈశ్వరి, పక్కింటి వాళ్లు, మొత్తం తొమ్మిదిమంది సజ్జా మీద వరసగా నిలబడ్డారు. జోగయ్య కింద కాంక్రీటు కలిపే మిల్లరు దగ్గర, నీళ్లు ఎక్కువ పోశావని డ్రైవరుతో తగువులో ఉన్నాడు. పైన ఏం జరిగిందీ ఆయన చూడలేదు. ఫొటోలో పడటం ఇష్టంలేక పసుపు పళ్లెం పట్టుకుని వెనకాలే నిలబడ్డ భారతి మాత్రం చూసింది. వాళ్లు దిగి వెళ్లాక కుర్చీలన్నీ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. పైనుండాల్సిన ఊసలు చెక్కలకి అంటుకుపోయాయి.

మెట్లు దిగి తండ్రి దగ్గరికెళ్లింది.

"నాన్నా, ఆ ఊసలు..."

"మజ్జిగ బిందె ఎక్కడే? ఎండలో పనోలు మాడిపోతన్నారు, తే!"

తల్లి బిర్యానీ డేగిసా దగ్గరుంది. "అమ్మా, సజ్జా..." అంది భారతి.

"సజ్జా దగ్గరకెల్లకే, కాలు జారతాది" అంది ఈశ్వరి, తల తిప్పకుండానే.

మళ్లీ పైకెక్కింది. మిల్లరు రొదలో ఎవరి మాటా ఎవరికీ వినబడటం లేదు. జోగయ్య చెక్కబద్దతో మట్టం చూస్తున్నాడు. దగ్గరికెళ్లి నిలబడితే, తర్వాత అన్నట్టు చెయ్యి ఊపాడు. మేస్త్రికి తెలిసే ఉంటుందిలే, అనుకుంది భారతి. లేకపోతే ఆయనే చూసుకుంటాడులే, అని కూడా అనుకుంది. వెనకగది నిండింది. నడిమిగది నిండింది. కాంక్రీటు ముందుగోడ మీదికి వచ్చేసింది. ఆయన మాత్రం వెనక్కి తిరిగి పోసినచోటే చదును చేసుకుంటున్నాడు.

ఇంకో నాలుగు గమేళాలు పడితే సజ్జా మొదలు. భారతి గబగబా వెళ్లి, ఊసల సందుల్లో చెక్క మీద కాళ్లు పెట్టుకుని, సజ్జా మధ్యలో కూర్చుండిపోయింది.

గమేళా ఎత్తుకుని వచ్చిన మరిడమ్మ గతుక్కుమని ఆగింది. "ఓలమ్మో! లెగే గుంటా! నెత్తిమీద పోసీమంటావేటి?"

భారతి లేవలేదు. వెనక గమేళాల వరసంతా ఆగిపోయింది.

"ఒసే, ఏటే నీకు!" కిందనుంచి చినబాబు కేక. "స్లాబు ఆపుతావేటే? లెగు!"

"ఎండ దెబ్బేమోరా తమ్ముడూ, నిమ్మనీళ్లియ్యి" అంది శైలజ.

ఊరంతా తనవైపే చూస్తోందని భారతికి తెలుసు. ముఖం కందగడ్డలా అయింది. కళ్లు గట్టిగా మూసుకుని, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని అరిచింది.

"ఊసలు దిగిపోనాయి! పోస్తే సజ్జా పడిపోతాది!"

మిల్లరు రొద మీదుగా ఆ గొంతు రోడ్డు దాటి వెళ్లింది. జోగయ్య బద్ద వదిలేసి వచ్చాడు.

"ఎవులన్నారు? నిన్న నా సేత్తో పైనే కట్టినాను."

"పొద్దున్న ఫొటోకి అందరూ ఎక్కినారు, తాతా. సూడు."

జోగయ్య వంగి, ఊస కింద వేలు దూర్చబోయాడు. వేలు దూరలేదు. తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"మిల్లరు ఆపండెహె!"

రొద ఆగేసరికి అందరి మాటలూ ఒక్కసారి పైకొచ్చాయి.

"నాను మూల మీదే నిలబడ్డాను. నా బరువెంతనీసి?" అంది శైలజ.

"నాను రోడ్డు మీదున్నాను. నాకేటి సంబంధం నేదు" అన్నాడు మురళీమోహన్.

"కొసకంటా రండి అని అరిసిందెవులు మరి?" అని శైలజ ఆయన మీదికి తిరిగింది.

"ఎవుల్నీ అనకండి" అన్నాడు జోగయ్య. "ఊసల మీద నడవడానికి అడ్డచెక్కలెయ్యాల. ఎయ్యనేదు. తప్పు నాది. కలిపిన మాలు గట్టిపడిపోతాది, ఒరే, ఊసముక్కలట్టుకు రండి! కుర్చీలు రెండింతలు కట్టాల!"

ఇరవై నిమిషాలు పరుగే పరుగు. మరిడమ్మ ఊసలెత్తి పట్టుకుంది, భారతి కుర్చీలు అందించింది, జోగయ్య కట్టుతీగ బిగించాడు. ఊసలు పైకి లేచాక ఒక్కో దాని మీదా పిడికిలితో గుద్ది చూశాడు. ఏ ఒక్కటీ దిగలేదు. అప్పుడు గాని గమేళాలు కదలలేదు. బిర్యానీ చల్లారిపోయినా ఎవరూ పట్టించుకోలేదు. శైలజ మాత్రం తన విస్తట్లో గుడ్డు తీసి భారతి విస్తట్లో వేసింది.

మర్నాటి నుంచి స్లాబు మీద పొలంలోలా మళ్లు కట్టి నీళ్లు నిలిపారు. ఆ మూడు వారాలూ ఈశ్వరి సజ్జా కింద నుంచి నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్లేది.

ఇరవై రెండో రోజున బాదులు తీశారు. సజ్జాకి గోడ వైపు నుంచి కాదు, కొస నుంచి మొదలుపెట్టాలన్నాడు జోగయ్య. చివరి బాదు మిగిలినప్పుడు ఒక ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి, సరిగ్గా సజ్జా కింద వేసుకుని కూర్చున్నాడు.

"వద్దు మావా, లే!" అంది ఈశ్వరి.

"పోసినోడు కిందుండాల. కొట్టండ్రా."

బాదు ఊడింది. చెక్కలు ఊడాయి. ఆయన తల మీద గుప్పెడు దుమ్ము రాలింది. అంతే. సజ్జా ఉన్నచోటే ఉంది. ఈశ్వరి ఎవరికీ చెప్పకుండా బండి తోసుకొచ్చి కింద పెట్టేసింది. చినబాబు సజ్జా కేసి, కూతురి కేసి చూసి, ఊడిన చెక్కలు తనే ఏరి పక్కన పెట్టసాగాడు.

భారతి పైకి చూస్తోంది. చెక్కల గీతలన్నీ కాంక్రీటు మీద అచ్చులా దిగాయి. కుడి మూల మాత్రం అరచేయంత మేర తేనెపట్టులా బొక్కలు.

"తాతా, ఆ మూల కంకర బయటికి కనబడతన్నాది. అక్కడ మాలు సరిగ్గా కూరనేదు" అంది. రోడ్డున పోయేవాళ్లు కూడా తలలెత్తి చూశారు.

జోగయ్య కుర్చీలోంచి లేచాడు. నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మూలకేసి చూశాడు.

"ఒరే చినబాబూ, ఈ గుంటకి సెలవులెప్పుడు అయిపోతాయిరా?" అంటూ, పూతకి సిమెంటు కలపడానికి వెళ్లాడు.