నొక్కని మీట

నేను ఒక చదరంగం గడియారాన్ని. కొయ్య పెట్టె, రెండు ముఖాలు, తల మీద రెండు మీటలు. చీరాల క్లబ్బులో ఆ ఆదివారం నా దగ్గరున్న సరుకు ఇద్దరికీ చెరో గంటన్నర.

అప్పటికే ముప్ఫై ఏళ్లుగా కాలం అమ్ముతూ వచ్చాను. కొనేవాళ్లను నమ్మను. ఓడినవాడు నేను పరుగెత్తానంటాడు, గెలిచినవాడు నా ఊసే ఎత్తడు.

అటు తారకనాథ్, కాలేజీ లెక్చరర్, రేటింగు రెండువేల వంద. ఇటు దావీదు, ఆర్టీసీ కండక్టరు, పద్నాలుగు వందలు. జిల్లా జట్టులో మిగిలింది ఒక్క చోటు. డ్రా అయినా అది తారకనాథ్‌దే. దావీదు గెలిచి తీరాలి.

రెండో ఎత్తుకే తారకనాథ్ రాజు పక్క బంటును ఎరగా పెట్టాడు. కింగ్స్ గాంబిట్: బంటు ఇచ్చి దాడి కొనుక్కునే బేరం.

"తీసుకోండి దావీదు గారూ, విషం కలపలేదు."

"ఊరికే ఎక్కించుకునే బండి యే ఊరికి పోద్దో చూసుకోవాలిగా సార్."

చూసుకోవడానికి నలభై నిమిషాలు పట్టింది. తర్వాత తీసుకున్నాడు. దాడి ముంచుకొచ్చింది. పద్దెనిమిదో ఎత్తుకు అతని దగ్గర మిగిలినవి పన్నెండు నిమిషాలు. గుర్రాన్ని జరిపాడు, నా మీట మాత్రం నొక్కలేదు. నొక్కితేనే తన కాలం ఆగి ఎదుటివాడిది మొదలవుతుంది.

తారకనాథ్ అది చూశాడు. చెప్పలేదు. నొసలు పట్టుకుని ఆలోచిస్తున్నట్టు కూర్చున్నాడు. కళ్లు మాత్రం దావీదు కాలం అయిపోగానే పడే నా ఎర్ర జెండా మీదే. తొమ్మిది నిమిషాలు నడిచాయి. బల్ల మీది పావులను చూసినవాడు దావీదు ఒక్కడే.

మూడు నిమిషాలుండగా "అయ్యో!" అని మీట నొక్కాడు. ఊపిరి తీసుకోనివ్వకూడదని తారకనాథ్ వెంటనే మంత్రితో మూలనున్న ఏనుగును కొట్టాడు. గుర్రం వెనక్కి దూకింది. మంత్రికి తిరుగుదారి మూసుకుపోయింది.

తారకనాథ్ ఓటమి ఒప్పుకుంటూ చెయ్యి చాచాడు. "మీట మర్చిపోయారేంటండీ?"

"చూశారా? చెప్పలేదేం సార్?"

"చెప్పాలని రూల్ లేదుగా."

"లేదులెండి. మా బస్సులో టిక్కెట్టు తీయనోడు నిద్ర నటిస్తాడు. నటించీ నటించీ దిగాల్సిన స్టాపు దాటిపోతాడు."

అది మరపో, వలో నాకు తెలియదు. పోతూ పోతూ దావీదు నా మీట మీది చెమటను జేబురుమాలుతో తుడిచాడు. మర్యాదకా, సాక్ష్యం చెరపడానికా? ఇప్పుడు బల్లల మీద ఎలక్ట్రానిక్ గడియారాలున్నాయి. బీరువాలో కూర్చుని ఇప్పటికీ అనుమానిస్తూనే ఉన్నాను.

ఆనాటి లెక్క ఇది. తారకనాథ్‌కు మిగిలింది యాభై ఒక్క నిమిషాలు. దావీదుకు మూడు నిమిషాలూ, జట్టులో చోటూ. నాకు, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి, కొట్టకుండా తాకిన ఒక చెయ్యి.