ఎట్ల కందామనుకుంటున్నవ్

సర్కారు దవాఖానలో కొత్త సిస్టరమ్మ ఒకామె వచ్చిందట, నెలలు నిండినవాళ్లను ఇంత పెద్ద బంతి మీద కూర్చోబెట్టి ఊపుతుందట. ఈ మాట చెప్పిన పక్కింటి సాయవ్వ కళ్లతో చూసింది కాదు. ఆమె కోడలి అక్క చూసిందట. "డాక్టరమ్మ గాదంట, ఉత్త నర్సు గాదంట, నడిమిట్ల ఇంకేదో అంట. కానుపు గదిల పాటలు గూడ పెడుతదంట. బతుకమ్మ ఆడిపిస్తదేమో మల్ల," అని బీడీకి దారం చుడుతూ నవ్వింది.

తేజస్విని నవ్వలేదు. తొమ్మిదో నెల. కడుపు అడ్డమై ఒళ్లో చాట నిలవక, పక్కన పెట్టుకుని ఒరిగి కూర్చుని ఆకు చుడుతోంది. ఆమె చెయ్యి ఆగింది. అంత కడుపుతో బంతి మీద కూర్చుంటే జారిపోరా?

ఇంట్లో అంతా ఖాయమై ఉంది. అత్త సత్యవ్వ ధర్మపురి పోయి అయ్యగారితో శుక్రవారం పొద్దుటికి ముహూర్తం పెట్టించుకొచ్చింది. కోరుట్లలో ప్రైవేటు డాక్టరమ్మ ఆ గడియకే కోసి బిడ్డను తీస్తానంది. "ఒక్క కోతకు రెండు పనులు. పిల్లలు కాకుండ ఆపరేషన్ గూడ గప్పుడే అయిపోతది," అన్నాడు భర్త రాకేశ్, బండి సర్వీసింగు మాట చెప్పినంత తేలిగ్గా. మామ చంద్రమౌళికి నక్షత్రం ముఖ్యం. తేజస్విని మాత్రం కానుపు గదిలో పడే మాటలకు భయపడి తలూపింది. తొలి కానుపులో తొడ మీద చరిచి, "మొగనితోని పండుకున్ననాడు లేని ఏడుపు గిప్పుడెందుకు" అన్న నర్సు గొంతు ఇంకా చెవిలోనే ఉంది. ఇంటికొచ్చి చెప్పుకుంటే రాకేశ్, "వాళ్లు గట్లనే అంటరు తియ్," అన్నాడు. కోతకు ముందు నడుముకు సూదిమందు ఇస్తే నొప్పి ఉండదు, నొప్పి లేకుంటే అరుపుండదు, అరుపు లేకుంటే తిట్టూ ఉండదు. ఆమె లెక్క అంతే.

కానీ ఆ బంతి బుర్రలోంచి పోలేదు. మర్నాడు బీపీ చూపించుకునే సాకుతో సర్కారు దవాఖానకు వెళ్లి కానుపు గది తలుపు దగ్గర నిలబడింది.

"గట్ల తొంగి చూసుడేంది చెల్లె, వచ్చి కూసో," అంది ఆ కొత్త సిస్టర్ హేమలత.

కూర్చుంది. బంతి మీంచి జారలేదు. నడుములో ఎప్పటినుంచో బిగిసిన ముడి ఏదో కొంచెం వదిలింది. హేమలత కడుపు తడిమి, గుండె చప్పుడు విని, "తల కిందికే ఉన్నది. నువ్వు ఎట్ల కందామనుకుంటున్నవ్? కూసుండా, పక్కకు ఒరిగా, నిలవడా?" అని అడిగింది.

వెక్కిరిస్తోందేమో అనుకుంది తేజస్విని. "మీరెట్ల చెప్తె గట్ల."

"కనేది నేనా?"

"మల్ల ఏమన్న తేడా అయితె?"

"డాక్టరమ్మ పక్క గదిలనే ఉంటది. నాతోని కాదనిపిస్తే ఒక్క నిమిషం గూడ ఆగ, పిలుస్త."

ఆటోలో వస్తూ ఆమె అడిగిన ప్రశ్ననే మనసులో తిప్పి తిప్పి చూసుకుంది. అప్పుడు తిట్టినామె నర్సే, ఈమె నర్సే. మరి తేడా ఎక్కడుంది? ఉప్పు సరిపోయిందా, చాయ్ పెట్టాలా, అంగీ ఇస్త్రీ చేయాలా అని తను రోజంతా అందరినీ అడుగుతుంది. తనను ఎవరైనా ఏదైనా అడిగింది ఎప్పుడు? జవాబు తెలియని ప్రశ్న ఇంత తీపిగా ఉంటుందని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

సాయంత్రం అన్నాలు వడ్డిస్తూ చెప్పింది. "శుక్రవారం నేను కోరుట్లకు రాను. నొప్పులొచ్చినంక సర్కారు దవాఖానకే, సిస్టరమ్మ దగ్గరికి పోత."

"డాక్టరు ఉండంగ నర్సు దగ్గరికేంది?" అన్నాడు రాకేశ్. "మరి రెండో పని?"

"గది తర్వాత మాట్లాడుకుందాం. మొగోళ్లకు గూడ చేస్తరట."

రాకేశ్‌కు పొలమారింది. చంద్రమౌళి ముద్ద కంచంలోనే వదిలాడు. "అయ్యగారు చూసి పెట్టిన గడియ. మా కాలంల మేమేమన్న తక్కువ చేసినమా? ఏందే సత్తెవ్వా, ముహూర్తం తెచ్చినదానివి నువ్వేనాయె. చెప్పు కోడలికి."

తేజస్విని అత్త వైపు తిరిగింది. "అత్తమ్మా, మీరు ఈయనను ఎట్ల కన్నరు?"

సత్యవ్వ చేతిలో గరిటె గిన్నెలో పెట్టేసింది. ఈ ఇంట్లో ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు.

"నిలవడి," అంది. "మగ్గం గుంజ పట్టుకొని. మంత్రసాని నా నడుము పట్టుకున్నది, పొయ్యి మీద నీళ్లు పెట్టింది. గప్పుడు మీ మామ వాకిట్లకెల్లి ఒక్కటే అడిగిండు, నీళ్లు కాగినయా అని. కానుపుకు గాదు. ఆయన తానానికి."